అత్తగారు చెప్పని లెక్క

విశాఖపట్నం నుంచి ఉత్తరం రాసిన ఈ పాఠకుడికి 33 ఏళ్లు. మెకానికల్ డిప్లొమా చదివి, అచ్యుతాపురం వైపు ఒక మందుల కర్మాగారంలో యంత్రాల నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నారు. గాజువాకలో తల్లిదండ్రులతో కలిసి కాపురం. భార్య పుట్టిల్లు పెదజాలరిపేట, ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. అత్తగారు పెళ్లయిన నాటి నుంచీ చేపలు ఎండబెట్టి అమ్ముతున్నారు. ఒక వానాకాలం ఆవిడ సరుకంతా తడిసి పురుగు పట్టి పారబోయాల్సి వచ్చింది. అది చూసి ఈయన సెలవు రోజులన్నీ వెచ్చించి, ఎండ వేడితో పనిచేసే ఒక పెట్టె తయారు చేశారు. ఆటోనగర్‌లో తెలిసినవారి షెడ్డులో రేకు కోయించి, అతికించి, పైన గాజు బిగించి, లోపల ఫ్యాన్లు పెట్టారు. ఒక విడతకు పది కిలోల పచ్చి చేప పడుతుంది. ఇసుక అంటదు, ఈగ వాలదు, కుక్క ముట్టదు.

యూట్యూబ్‌లో వీడియో పెడితే చూసినవారంతా మెచ్చుకున్నారు. ఆ ధైర్యంతో ఒక స్టార్టప్ పోటీకి వెళితే, "ఇలాంటి డ్రయ్యర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇందులో కొత్తదనం ఏముంది?" అని ఒక న్యాయనిర్ణేత ఐదు నిమిషాల్లో పంపించేశారు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడు పెట్టెను పక్కన పెట్టమని, చేపల అమ్మకానికి యాప్ చేద్దామని, చెరిసగం వాటా తీసుకుందామని అంటున్నాడు. నాన్నగారు నెల జీతం వదులుకుని ఎండుచేపల వ్యాపారమేమిటని, అంతగా కావాలంటే పేరున్న టీ దుకాణాల శాఖ ఒకటి తీసుకోమని అంటున్నారు. చేతిలో రెండు లక్షలు ఉన్నాయి, భార్య నగల మీద మరో రెండు లక్షలు తెచ్చుకోవచ్చు. "నా ఆలోచన ఎవరైనా కాజేస్తారేమోనన్న భయం, ఇందులో అసలు ఆలోచనే లేదేమోనన్న అనుమానం, రెండూ ఒకేసారి పీడిస్తున్నాయి. వేట నిషేధం మొదలయ్యేలోగా రాజీనామా ఇవ్వాలా వద్దా చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పెట్టె గురించే. గాజు మందం, ఫ్యాన్ల వేగం, గాలి బయటికి పోయే గొట్టం ఎత్తు అన్నీ శ్రద్ధగా రాశారు. ఆ తర్వాత న్యాయనిర్ణేత మీద కోపం. ఈ రెండింటి మధ్య ఒక వాక్యం దాదాపు జారిపోయింది: "అత్తగారూ, పక్కింటివాళ్లిద్దరూ కొన్నాళ్లు వాడారు, చాలా బాగుంది బాబూ అన్నారు, ఎందుకోగానీ మళ్లీ టార్పాలిన్ల మీదే ఆరబెట్టుకుంటున్నారు." మీరు అక్కడ ఆగకుండా పోటీ సంగతికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఉత్తరమంతటిలో ముఖ్యమైన వార్త అదే అనిపించింది. మీ పెట్టెకు మొట్టమొదటి వినియోగదారులు ఆ ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లకు ఉచితంగా ఇచ్చారు. మెచ్చుకున్నారు. మానేశారు. న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్నకు జవాబంటూ ఉంటే అది వాళ్ల దగ్గరే ఉంటుంది.

కారణం వాళ్లు మీకు చెప్పలేదని నొచ్చుకోకండి. అల్లుడు సెలవులన్నీ ధారపోసి చేసిచ్చిన వస్తువు పనికిరాలేదని అతడి ముఖం మీద చెప్పే అత్తగారు మన ఊళ్లలో ఎక్కడుంటారు? ఆవిడకు కూతురి కాపురం గుర్తుంటుంది. పక్కింటివాళ్లు ఆవిడ ముఖం చూసి ఊరుకుంటారు. కాబట్టి "ఎలా ఉంది?" అని ఎన్నిసార్లు అడిగినా "బాగుంది బాబూ" అనే మాటే వస్తుంది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మొదట వాడి చూసేది చుట్టాలు, స్నేహితులు. వాళ్లు మెచ్చుకునేది మనిషిని. వీడియో కింద వచ్చిన మెప్పు కూడా అలాంటిదే. అక్కడ చప్పట్లు కొట్టినవాళ్లలో ఎండుచేపలు అమ్మి ఇల్లు గడుపుకునేవారు ఎందరుంటారు?

అసలు కారణం మీరే కనుక్కోవాలి. కానీ నాకొక అనుమానం ఉంది. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

పచ్చి చేపలో నూటికి 75 నుంచి 80 వంతులు నీరే. మీ పెట్టెలో పట్టే పది కిలోల్లో ఎనిమిది కిలోలు నీరు, రెండు కిలోలు గట్టి పదార్థం అనుకుందాం. ఉప్పు సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. టార్పాలిన్ మీద ఆరిన చేప పూర్తిగా ఎండకముందే, లోపల 40 శాతం తేమ ఉండగానే కాటా ఎక్కుతుందనుకోండి. ఆ రెండు కిలోల పదార్థం తేమతో కలిసి సుమారు 3.3 కిలోలు తూగుతుంది. అదే చేప మీ పెట్టెలో 20 శాతం తేమకు వచ్చేదాకా ఎండితే తూగేది 2.5 కిలోలు. టోకు వ్యాపారి కిలో 300 రూపాయలకు కొంటాడనుకుంటే మొదటి పద్ధతిలో వెయ్యి రూపాయలు వస్తాయి, మీ పద్ధతిలో 750. అంటే మీ పెట్టె వాడిన పాపానికి ఆవిడ చేతిలో 250 రూపాయలు తగ్గాయి. లాభం మాట అటుంచండి, పాత రాబడికి సమానం కావాలంటేనే కిలో 400కు అమ్మాలి. ఇసుక లేనంత మాత్రాన కాటా దగ్గర వంద రూపాయలు ఎక్కువ ఇచ్చేదెవరు? ఈ ధరలు లెక్క కోసం నేను అనుకున్నవి. చేపను బట్టి, రోజును బట్టి మారుతూనే ఉంటాయి. తీరు మాత్రం మారదు. తూకానికి అమ్మే సరుకును ఎంత బాగా ఎండబెడితే అమ్మే మనిషికి అంత నష్టం. (కాస్త ఇసుక కూడా కాటాలో తూగుతుందన్న సంగతి అత్తగారి ముందు మాత్రం అనకండి.)

ఇదే నిజమైతే పెట్టెలో దోషం లేదు. అది చేసే మేలు ఒకరికి, దానివల్ల వచ్చే నష్టం మరొకరికి పోతోంది. అంతే.

చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఆయన తల్లి లక్ష్మి గారు చీరలకు ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసేవారు. ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి, భుజం పట్టేసేది. ఆ బాధ చూడలేక ఆయన 1990లలో ఏళ్ల తరబడి కష్టపడి యంత్రం చేశారు, దానికి తల్లి పేరు పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది. ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. నొప్పి ఎవరి భుజానిదో ఉపశమనం కూడా ఆ భుజానికే దక్కింది. చీర ధర ఒక్క రూపాయి పెరగకపోయినా ఆసు పోసే ఇంటికి ఆ యంత్రం కావాలి. మీ పెట్టె సంగతి అలా లేదు. ఈగ వాలని చేప వల్ల మేలు తినేవారిది, తగ్గిన బరువు ఎండబెట్టేవారిది. తినేవారు ఇచ్చే అదనపు డబ్బు ఎండబెట్టే మనిషి దాకా చేరే దారి ఒకటి పడాలి. మీరు వెతుకుతున్న కొత్తదనం ఆ దారిలో ఉంది. గాజు మందంలో లేదు.

ఇప్పుడు న్యాయనిర్ణేత మాట. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం, ఒప్పుకోండి. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలాకాలంగా చేపల కోసం సౌర డ్రయ్యర్లు రూపొందిస్తోంది. ఎండ లేనప్పుడు గ్యాసుతోనో కరెంటుతోనో నడిచేవీ వాటిలో ఉన్నాయి. ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనే, పాండురంగాపురంలో ఉంది. మీ అత్తగారింటికి వెళ్లేదారిలో కాస్త పక్కకు తిరిగితే చాలు. అన్ని పేజీల ఉత్తరంలో దాని ప్రస్తావనే లేకపోవడం నాకు వింతగా ఉంది. ఎవరైనా కాజేస్తారన్న భయంతో మీరు తలుపులు వేసుకుని కూర్చుంటే, ఎప్పుడో కనిపెట్టిన సంగతులను మళ్లీ కనిపెట్టడానికి మీ సెలవులు ఖర్చవుతాయి. వెళ్లి వాళ్ల యంత్రాలు చూడండి. ఎండిన చేపలో తేమ ఎంత ఉండాలి, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, వేడి ఎక్కువైతే పైన పొర గట్టిపడి లోపల తడి ఎందుకు మిగిలిపోతుంది, ఇవన్నీ అడగండి. మీరు చదివిన చదువుకు వాళ్ల మాట ఇట్టే అర్థమవుతుంది.

మిగతా సగంలో మాత్రం ఆయన పొరపడ్డారు. కొత్తదనమంటే ఎవరూ చూడని యంత్రం అనే అనుకున్నారు. జోసెఫ్ షుంపీటర్ అనే ఆర్థికవేత్త 1911లోనే దీన్ని ఐదు రకాలుగా విడదీశాడు: కొత్త సరుకు, కొత్త తయారీ పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకుకు కొత్త ఆధారం, వ్యాపారాన్ని కొత్త విధంగా ఏర్పరచడం. యంత్రం వచ్చేది వీటిలో ఒకటి రెండు చోట్లే. మన కొండల మీదే చూడండి. అరకులో కాఫీ మొక్క దశాబ్దాలుగా ఉంది. ఎర్రగా పండిన కాయ మాత్రమే కోయించడం, ఊరూరి కాయను ఒకచోటికి చేర్చి ఒకే పద్ధతిలో కడిగి ఎండబెట్టడం, ఆ నాణ్యతకు గిరిజన రైతుకు మంచి ధర ఇవ్వడం, ఆ ధర భరించే కొనుగోలుదారును దూరదేశంలోనైనా వెతికి పట్టుకోవడం తర్వాత వచ్చాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్క అదే, కొండ అదే. డబ్బు కిందికి చేరే దారి మారింది.

ఇక రెండో చిక్కు. ఇది మీ దృష్టికి రాలేదంటే నేను నమ్మను. చూసీ చూడనట్టు ఊరుకున్నారేమో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకూ ఇంజను పడవలకూ వేట నిషేధం. విశాఖలో ఎండ నిప్పులు చెరిగేది సరిగ్గా అప్పుడే. అంటే మీ పెట్టె బ్రహ్మాండంగా పనిచేసే రెండు నెలల్లో దాంట్లో పెట్టడానికి చేప ఉండదు; ఇంజను లేని తెప్పల మీద వెళ్లేవారు తెచ్చే కొద్దిపాటి చేప తప్ప. జూన్ 15 దాటి ఫిషింగ్ హార్బర్‌లో రాశులు పడే వేళకు ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. అత్తగారి సరుకు పాడయింది వానలోనే కదా? ఆవిడకు మీ పెట్టె అవసరమయ్యే రోజు ఎండ లేని రోజు. ఎండ ఉన్న రోజున ఆవిడకు టార్పాలిన్ చాలు, పైగా దాని మీద ఎంత సరుకైనా పడుతుంది.

కాబట్టి మబ్బు పట్టినప్పుడు కూడా వేడినిచ్చే ఏర్పాటు లేకపోతే ఈ వ్యాపారం నిలవదని నా అభిప్రాయం. దానికి ఎంతవుతుందో మీ పుస్తకాల్లోనే ఉంది. పది కిలోల చేప 2.5 కిలోలు కావాలంటే 7.5 కిలోల నీటిని ఆవిరి చేయాలి. ఎక్కడా వేడి వృథా కాకపోయినా దానికే సుమారు ఐదు యూనిట్ల కరెంటు కావాలి. మీ పెట్టె గోడల గుండా, గొట్టం గుండా పోయే వేడిని కలిపితే ఇంకా చాలా ఎక్కువ. ఎంతన్నది ఒక మబ్బు రోజున మీటరు పెట్టి కొలవండి. రాత్రిపూట పెట్టె చల్లబడి సముద్రపు గాలిలోని చెమ్మను చేప మళ్లీ పీల్చుకుంటే ఆ ఖర్చులో కొంత నీళ్లపాలవుతుంది, దాన్నీ లెక్కలో వేయండి. కిలో ఎండుచేపకు వేడి ఖర్చు ఇంత అని ఒక అంకె మీ దగ్గర లేనంతకాలం ఏ పోటీకి వెళ్లినా ఐదు నిమిషాలే ఇస్తారు.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడికి తీసుకెళుతుందో చెబుతాను, ఎంచుకునేది మీరే.

పెట్టెలు తయారుచేసి అమ్మడం మొదటిది. మీ చేతిపనికి దగ్గరగా ఉంటుంది, అందుకే మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ కొనేదెవరు? రోజు సరుకుకే అప్పు తెచ్చుకునే ఆడవాళ్లు వేలు పోసి పెట్టె కొనరు. ప్రభుత్వ పథకాల కిందో, స్వచ్ఛంద సంస్థల ద్వారానో ఆర్డర్లు వస్తే రావచ్చు. అలా వచ్చినవి తీసుకున్నవాళ్లకు ఉచితం, బిల్లు డబ్బు మీ చేతికి ఎప్పుడొస్తుందో తెలియదు. వాడేవాళ్లు డబ్బు పెట్టలేదు కాబట్టి వాడటం మానేసినా ఎవరికీ పట్టదు, ఆ సంగతి మీ అనుభవంలోనే ఉంది. ఈ దారిలో వెళితే మీరు పెట్టెల తయారీదారు అవుతారు, ఎండుచేపలతో మీకు సంబంధం ఉండదు. రొయ్యల ఎగుమతిదారులో, మిరప, పసుపు ఎండబెట్టేవారో కొనేవారుగా దొరికితే మాత్రం పరిస్థితి వేరు.

రెండోది ఎండబెట్టే పనిని సేవగా అమ్మడం. పిండిమర ఉంది కదా, ధాన్యం మనది, యంత్రం వాళ్లది, కిలోకు ఇంత. చేపను ఆ ఆడవాళ్లే తెస్తారు, మీరు ఎండబెట్టి ఇచ్చి కూలి తీసుకుంటారు. ఇక్కడ బరువు నష్టం లెక్క తలకిందులవుతుంది. వాన రోజున ఆవిడ పోల్చుకునేది 3.3 కిలోలతో 2.5 కిలోలను కాదు, కుళ్లి పారబోసే సరుకుతో 2.5 కిలోలను. అప్పుడు కూలి ఇవ్వడానికి వెనకాడరు. చిక్కేమిటంటే, వాన పడితే అందరికీ ఒకేసారి పడుతుంది. ఇరవై మంది గంపలతో వస్తే పది కిలోల పెట్టె ఏ మూలకు? పెద్దది కట్టాలి, అది మిగతా రోజులు ఖాళీగా కూర్చుంటుంది. తీరం దగ్గర స్థలం దొరకడం ఇంకో తలనొప్పి. నిషేధం రెండు నెలల్లో మామిడి తాండ్ర, వడియాలు ఎండబెట్టవచ్చని మీకు తట్టే ఉంటుంది. మంచిదే, కానీ చేప పెట్టిన పెట్టెలో తాండ్ర పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. ఆ పనికి వేరే పెట్టె, వేరే పళ్లేలు, వీలైతే వేరే చోటు కావాలి.

మూడోది మీరే చేప కొని, శుభ్రం చేయించి, ఎండబెట్టి, గాలి చొరని ప్యాకెట్లలో సొంత పేరుతో అమ్మడం. పైన చెప్పిన డబ్బు దారి నేరుగా ఏర్పడేది ఇందులోనే. మధురవాడ అపార్టుమెంట్లలో ఎండుచేపలంటే ప్రాణమిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. పక్క ఫ్లాటువాళ్లు వాసనకు గొడవ పెట్టుకుంటారని తెచ్చుకోరు. తల తీసి, ఇసుక లేకుండా, వాసన బయటికి రాని ప్యాకెట్‌లో నెత్తళ్లు దొరికితే వాళ్లు కిలోకు ఎంత ఇస్తారు అన్నది మీరు ఒక్క ఆదివారంలో తెలుసుకోగల సంగతి. కానీ ఇది ఆహార వ్యాపారం. ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావాలి, ప్యాకెట్ మీద తయారీ తేదీ, ఎన్నాళ్లలోగా వాడాలో ముద్రించాలి, ఆ గడువు పరీక్షించి వేయాలి. వెనక్కి వచ్చిన ప్యాకెట్ల నష్టం మీదే. సరుకులో డబ్బు ఇరుక్కుంటుంది. ఇంకొకటి, ఈ దారిలో మీరు అత్తగారి దగ్గర చేప కొనే వ్యాపారి అవుతారు. ధర దగ్గర మాట తేడా వస్తే అది కాటా దగ్గర ఆగదు, పండగకు ఇంటికి వెళ్లినప్పుడు కూడా మీతోనే వస్తుంది. ఆవిడకో ధర, పక్కింటివాళ్లకో ధర అని కాకుండా, ఏ రకానికి ఎంతో అందరికీ కనబడేలా రాసిపెట్టుకుంటే కొంత నయం.

నన్నడిగితే వాన రోజుల్లో రెండోది, దాంతోపాటు చిన్న ఎత్తున మూడోది కలిపి చూడదగినవి. మొదటిది ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

ఆలోచన కాజేస్తారన్న భయం గురించి. మన దేశంలో పేటెంటుకు దరఖాస్తు చేసేలోగా దాన్ని లోకానికి చూపిస్తే కొత్తదనం పోయినట్టే. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మీ వీడియోలో ఏమేమి కనిపించిందో దాని మీద ఆశ వదులుకోవడం మంచిది. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చినంత మాత్రాన కూడా పేటెంటు ఇవ్వరు. ఇకమీదట మబ్బు రోజు వేడి విషయంలో మీకు నిజంగా కొత్త ఉపాయం తడితే, ఎవరికీ చూపించకముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము 1600 రూపాయలు, పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. మనకు చెన్నై కార్యాలయం. అన్నీ కలిసివస్తే 20 ఏళ్ల రక్షణ. మూడో దారిలో వెళ్లేటట్లయితే పేటెంటు కంటే ప్యాకెట్ మీది పేరు మీకు ఎక్కువ విలువైనది. దానికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వ్యక్తులకు ఒక్కో తరగతికి 4500. పెట్టెను చూసి ఎవరైనా ఇంకో పెట్టె చేయగలరు. వాన రోజు ఎవరి దగ్గరికి వెళితే సరుకు దక్కుతుందో ఆ ఆడవాళ్లకు కలిగే నమ్మకాన్ని నకలు చేయడం అంత తేలిక కాదు.

మిత్రుడి యాప్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యాప్ లేకపోవడం వల్ల ఆగిపోయిన పని మీ ఉత్తరంలో ఒక్కటీ నాకు కనిపించలేదు. ఆయనకు నిజంగా ఆసక్తి ఉంటే వాట్సాప్ ద్వారానే తన వీధిలో ముందుగా డబ్బు చెల్లించే ఇరవై కుటుంబాలను తీసుకురమ్మనండి. తెస్తే మంచి భాగస్వామి. అప్పుడైనా చెరిసగం వాటా మొదటి రోజే రాసివ్వకండి. ఇద్దరూ పని చేసిన కాలాన్ని బట్టి ఏటేటా కొంత దక్కేలా రాసుకోవచ్చు. సొంత పేరు మీద నడిపే వ్యాపారానికి కేంద్రం ఇచ్చే స్టార్టప్ గుర్తింపు రాదు, దానికి కంపెనీగానో, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)గానో, నమోదైన భాగస్వామ్యం వంటిదిగానో ఉండాలి. ఇప్పుడు ఆ తొందర లేదు. చిన్న వ్యాపారాలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు చాలు, అది పూర్తిగా ఉచితం. చేసిపెడతామని డబ్బు అడిగేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాన్నగారి మాటలో రెండు భయాలు కలిసిపోయి ఉన్నట్టున్నాయి. ఒకటి నెల జీతం పోతుందని, అది న్యాయమైన భయం. దానికి అంకెలతో జవాబు చెప్పవచ్చు. ఎన్ని నెలలు ప్రయత్నిస్తారో, ఎంత పోతే ఆపేస్తారో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. రెండోది, కొడుకు ఎండుచేపలు అమ్ముతున్నాడంటే నలుగురూ ఏమనుకుంటారోనని. ఇది ఆయన పైకి అనకపోవచ్చు. కానీ ఆ ఇంట్లో మీ భార్య ఉన్నారు, ఆమె చదువు ఆ చేపల డబ్బుతోనే నడిచింది. ఆమె వినేలా ఈ చర్చ ఎన్నిసార్లు జరిగిందో ఒకసారి ఆలోచించుకోండి. టీ దుకాణం సంగతికొస్తే, ఇంకొకరి పేరుకు ముందే రుసుము కట్టి, అద్దె కట్టి, వాళ్లు చెప్పిన ధరకు అమ్మాలి. దాంట్లోనూ నష్టపోయినవారున్నారు. జీతం వదలడమనే భయం అక్కడా అలాగే ఉంటుంది.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ భార్య అభిప్రాయం ఎక్కడా లేదు, ఆమె నగలు మాత్రం ఉన్నాయి. నగలు ప్రస్తుతం ముట్టుకోకండి. పెద్ద పెట్టె కట్టే అవసరం నిజంగా తేలాక ముద్రా రుణం అడగవచ్చు, దానికి తాకట్టు అక్కర లేదు. అంతకంటే ముఖ్యమైన పని ఆమెకు అప్పగించండి. పెట్టె ఎందుకు మానేశారో మీ అత్తగారు మీకు చెప్పరు, కూతురికి చెబుతారు. మీరు పక్కన లేకుండా, రెండు రోజులు పుట్టింట్లో ఉండి, చేప కొన్నప్పటి నుంచి కాటా ఎక్కేదాకా ఏ రోజు ఎంత తూగింది, ఎవరు ఎంతకు కొన్నారు అన్నది ఆమెను చూసి రమ్మనండి. ఎలా ఉందని అడగవద్దనండి, ఏం చేశారని అడగమనండి. నా బరువు లెక్క తప్పని తేలితే మరీ మంచిది. పది కిలోలు చాలకనో, మధ్యాహ్నం పళ్లేలు తిప్పడానికి తీరికలేకనో మానేసి ఉంటే దానికి మందు సులువు.

వేట నిషేధానికి ఇంకా కొద్ది వారాలున్నాయి. ఆ 61 రోజులూ ఆ ఆడవాళ్లకు కాస్త తీరిక, మాట్లాడటానికి అదే సమయం. మీరు ఉద్యోగంలో ఉంటూనే పాండురంగాపురం వెళ్లిరావచ్చు, మబ్బు రోజు వేడికి ఏర్పాటు చేసుకోవచ్చు, తెప్పల మీద వచ్చే చేప కొద్దిగా కొని ఎండబెట్టి ప్యాకెట్లు కట్టి మధురవాడలో ధర తెలుసుకోవచ్చు. జూన్ 15 తర్వాత వచ్చే వానల్లో ఉచితంగా కాకుండా కిలోకు ఇంత అని కూలి పెట్టి తెరవండి. మొదటిసారి మొహమాటానికి వస్తారు, లెక్కలోకి తీసుకోకండి. డబ్బిచ్చి రెండోసారి, మూడోసారి వచ్చేవారు ఎందరో ఆగస్టు చివరికి తెలిసిపోతుంది. వాళ్లు మీ చుట్టాలు కాకపోతే ఇంకా మంచి గుర్తు. అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుంటే మీ దగ్గరా, నాన్నగారి దగ్గరా ఊహలకు బదులు అంకెలుంటాయి. ఎవరూ రాకపోతే పోయేది కొన్ని ఆదివారాలు, కొంత రేకు. ఇప్పుడే రాజీనామా ఇస్తే తెగింపు వస్తుందని కొందరంటారు. రావచ్చు. మీ చేతిలో ఉన్న రెండు లక్షలు చేప లేని రెండు నెలల్లో ఇంటి ఖర్చులకే కరగడం మొదలవుతుందని కూడా గుర్తుంచుకుని నిర్ణయించుకోండి.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఇంకొక పని. మీ ఉద్యోగ నియామక పత్రం బయటికి తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా వేరే వ్యాపారం చేయకూడదనో, ఉద్యోగకాలంలో కనిపెట్టినవి కంపెనీకి చెందుతాయనో నిబంధన చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. అలాంటిది ఉంటే నమోదు మీ పేరు మీద చేయాలా, మీ భార్య పేరు మీదా అన్నది ఒక న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. ఆమె బడివాళ్లు ఇచ్చిన పత్రం కూడా చూడటం మరచిపోకండి.